సావిట్లో పటాల సంగతి

చి.సౌ. అమ్మలుకి,

అమ్మ ఆశీస్సులు. సావిట్లో పటాలు నిజంగానే లక్షలు చేస్తాయా అని అడిగావు కదా. ఫోన్లో చెబుదామంటే మీ పెద్దనాన్నగారు పక్కనే ఉంటున్నారు, అందుకే రాస్తున్నాను.

అవి రవివర్మ చేత్తో వేసినవి కావమ్మా. విజయనగరం రాజావారు మీ ముత్తాతకి బహూకరించారన్న కథ ఇంట్లో అందరికీ ముద్దే, నాకూ ముద్దే. కానీ మొన్న లక్ష్మీదేవి పటం ఫ్రేము చెదలు పట్టి ఊడితే వడ్రంగి చేత దింపించి చూశాను. అడుగున సన్నటి ఇంగ్లీషు అక్షరాలు: రవివర్మ ప్రెస్, కార్లా-లోనావ్లా. ఆయన 1894లో బొంబాయిలో పెట్టిన అచ్చుకూటం తర్వాత అటు మారిందట. రంగుకో రాయి చొప్పున అచ్చొత్తి, రాజుల గోడల మీది దేవుళ్లని మనలాంటి వాళ్ల గోడలకి తెచ్చింది అదే.

అలాగని తీసిపారేసేవి కావు. ఆ లక్ష్మి చీరకి జరీ అతికించి చెమ్కీలు కుట్టింది మీ తాతమ్మ. పమిట అంచున పచ్చదారం అయిపోయిందేమో, చివరి బెత్తెడు నీలం దారంతో కానిచ్చేసింది. బొంబాయి లక్ష్ములు ఊరూరా ఉంటారు, ఆ నీలం దారం మనింట్లోనే ఉంది.

విశాఖ నుంచి వచ్చినాయన పటాలూ, టేకు గుమ్మాలూ, బొబ్బిలి వీణా కలిపి బేరం పెట్టాడు. ఫారిన్ పార్టీ అట. వందేళ్లు దాటిన కళావస్తువుల్ని దేశం దాటించడానికి 1972 చట్టం ఒప్పుకోదు అన్నాను. నీకెందుకమ్మా చట్టాలు అన్నారు మీ పెద్దనాన్నగారు. వీణ కుండ కాస్త పగిలింది, నిజమే. కానీ ఒకే పనస దుంగ తొలిచిన ఏకాండి వీణ అది. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి పంపిస్తే చేసిన చేతులవాళ్లే బాగుచేస్తారు.

విజయనగరంలో 1869 నాటి మోతీమహల్‌ని 2020లో కూల్చినప్పుడు అందరికంటే ఎక్కువ కోప్పడింది ఆయనే. మనింటి దగ్గరికొచ్చేసరికి పెంకుల ఖర్చు గుర్తొచ్చింది. ఆయన్నీ అనలేం, ఏటా వానల్లో దూలాల కింద గిన్నెలు పెట్టుకు తిరిగేది ఆయనే కదా.

సంక్రాంతికి నీ మంచి కెమెరా తీసుకురా. ప్రతి పటం ముందూ వెనకా ఫోటో తీసి పద్దు రాద్దాం. సరస్వతి పటం జోలికి మాత్రం పోవద్దు. చెమ్మకి కాయితం అద్దానికి అంటుకుపోయింది, ఊడదీస్తే అమ్మవారి మొహం దాంతోపాటే వచ్చేస్తుంది. తెలిసినవాళ్లు చూసేదాకా తూర్పు గదిలో పెట్టాను. ఇల్లు ఏం చేస్తారో వాళ్లిష్టం, పటాలూ వీణా మాత్రం నా వంతుకి రాయమంటాను.

ఇదంతా అల్లుడుగారికి ఇప్పుడే చెప్పకు. ఆయన వెంటనే మీ పెద్దనాన్నగారికి ఫోన్ చేస్తారు.

ఇట్లు,
అమ్మ