పేగులో వైరస్ అనగానే మాత్ర అడుగుతున్నారు

సంపాదకుల వారికి,

మీ ఆదివారం ఆరోగ్య పేజీలో పేగు వ్యాధుల మీద వచ్చిన వ్యాసం చదివాను. వ్యాసంతో నాకు పేచీ లేదు. పేచీ అంతా దాని నెత్తిన పెట్టిన 'పేగుపూతకు వైరస్సే కారణం' అన్న శీర్షికతోనే. మీ పత్రిక మాకు పాతపట్నం మీదుగా వస్తుంది. ఊరు ఒడిశాలో ఉన్నా పర్లాకిమిడిలో పొద్దున్నే తెలుగు పేపరు చూడందే టీ తాగనివాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లు ఆ శీర్షికను ఫొటో తీసి ఒకరికొకరు పంపుకున్నారు. కింద ఉన్న వ్యాసాన్ని మాత్రం ఎవరూ పంపుకోలేదు. ఆ వారమంతా దాని ఫలితం నా మందుల షాపు కౌంటరు దగ్గర చూశాను.

కాశీనగర్ వైపు నుంచి వచ్చే ఒక ముసలమ్మ, "వైరస్ సచ్చిపోయే మాత్రేదో వచ్చిందట గదా బాబూ, మా కోడలికి ఒక షీటు ఇయ్యి" అంది. కోడలికి ఏమైందమ్మా అంటే, నెలల తరబడి విరేచనంలో నెత్తురు పడుతోందట, ఊళ్లో మొలలని చెప్పి మందు పెడుతున్నారట. ఇంకొకాయన బడిపంతులు. పెద్దపేగు వాచి పుండ్లు పడే అల్సరేటివ్ కోలైటిస్‌కి ఏళ్లుగా వాపు తగ్గించే మెసాలమిన్ వాడుతూ నిలకడగా ఉన్న మనిషి. "జబ్బు వైరస్‌ది అయినప్పుడు ఈ మందు చేసేదేముందయ్యా, కొన్నాళ్లు మానేసి చూస్తాను" అన్నారు. నిలకడగా ఉన్నది ఆ మందు వల్లనే మేష్టారూ, ఆపితే మళ్లీ తిరగబెడుతుంది, విశాఖలో మీ డాక్టరును అడగకుండా ఆ పని చేయొద్దు అని బతిమాలి షీట్లు చేతిలో పెట్టాను. డబ్బు కోసం చెబుతున్నానని అనుకున్నారో ఏమో!

మీ వ్యాసంలో ఉన్న సంగతే, శీర్షికలో లేనిది, ఇక్కడ చెప్పాలి. వైరస్ అనగానే జనానికి కరోనా గుర్తొస్తుంది. పేగులో ఉండే వైరస్‌లలో ఎక్కువ భాగం మన జోలికి వచ్చేవి కావు. అవి బాక్టీరియాను పట్టుకుని బతికే ఫేజ్‌లు. వాటిని 1917లో ఫెలిక్స్ దెరెల్ గుర్తించింది కూడా పారిస్‌లో రక్త విరేచనాల రోగుల మలంలోనే. ఏ జబ్బూ లేనివాడి కడుపులోనూ అవి కోట్లకు కోట్లు ఉంటాయి. 2014లో బయటపడిన క్రాస్‌ఫేజ్ అనే రకం ప్రపంచంలో సగం మందికి పైగా పేగుల్లో ఉందని అంచనా. ఈ లెక్కన, మందు అడిగిన ముసలమ్మ కడుపులోనూ ఉండవచ్చు, నా కడుపులోనూ ఉండవచ్చు.

జబ్బు ఉన్నవాళ్లలో తేడా ఉన్న మాట నిజమే. అమెరికాలోని వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు 2015లో చూపించింది అదే. పేగుల్లో ఎక్కడైనా వాపు తెచ్చే క్రాన్స్ జబ్బు, అల్సరేటివ్ కోలైటిస్ ఉన్న రోగుల పేగుల్లో తోక ఉన్న ఫేజ్ రకాలు పెరిగాయి, బాక్టీరియా రకాలు తగ్గాయి. అయితే చెరువు ఎండుతున్నప్పుడు కొంగలు ఎక్కువగా వాలతాయి. అంతమాత్రాన కొంగలే చెరువును ఎండబెట్టాయని మా మహేంద్రతనయ ఏటి ఒడ్డున ఏ రైతూ అనడు. వాపు వల్ల ఫేజ్‌లు పెరిగాయా, ఫేజ్‌లు పెరిగినందుకు వాపు వచ్చిందా అన్న ప్రశ్న మనుషుల విషయంలో ఇంకా తేలలేదు. ఎలుకల్లో మాత్రం కొంత తెలిసింది. 2019లో ఎలుకలకు ఫేజ్‌లు పట్టించి చూస్తే పెద్దపేగు వాపు ముదిరింది. ఒంట్లోని రక్షణ కణాలు ఫేజ్ డీఎన్ఏను పసిగట్టి రెచ్చిపోవడమే దానికి కారణమన్నారు. 2022లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వాళ్లు మరో అడుగు వేశారు. ఆపరేషన్‌లో తీసిన పెద్దపేగు ముక్కల్లోంచి వైరస్‌లను వేరు చేసి చూశారు. ఆరోగ్యంగా ఉన్న పేగు నుంచి వచ్చినవి వాపును అణిచాయి, రోగుల పేగు నుంచి వచ్చినవి రేపాయి. అంటే మంచి చేసే వైరస్‌లూ ఉన్నాయి. ఆ ముసలమ్మ అడిగినట్టు అన్నింటినీ చంపే మాత్ర నిజంగా దొరికినా, ఏవి పోతాయో ఏవి మిగులుతాయో ఎవరు పూచీ పడతారు?

ఇక నాకు అసలు కోపం తెప్పించిన విషయం. వైరస్ మాత్ర లేదు అంటే ఊరుకునేవాళ్లు తక్కువ. "పోనీ, ఆ విరేచనాల మాత్రే ఇచ్చెయ్యి" అంటారు. తెలుగులో రక్త విరేచనాలన్నా, ఒడియాలో రక్త ఝాడా అన్నా, మా ప్రాంతంలో ఏ మందుల షాపులోనైనా చీటీ లేకుండా చేతికొచ్చేది నార్‌ఫ్లాక్సాసిన్, టినిడజోల్ కలిపిన మాత్రే. నా తోటి షాపులవాళ్లు ఈ ఉత్తరం చదివి నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. నార్‌ఫ్లాక్సాసిన్ గానీ, సిప్రోఫ్లాక్సాసిన్ గానీ బాక్టీరియా డీఎన్ఏను దెబ్బతీస్తాయి. చాలా బాక్టీరియా తమ డీఎన్ఏలోనే ఒక ఫేజ్‌ను నిద్రలో దాచుకుని ఉంటాయి. డీఎన్ఏకు దెబ్బ తగలగానే ఆ ఫేజ్ లేచి, పిల్లల్ని పెట్టి, బాక్టీరియాను పగలగొట్టుకుని బయటికొస్తుంది. ప్రయోగశాలల్లో ఎన్నోసార్లు చూసిన సంగతి ఇది. పేగులో వైరస్ ఉందన్న భయంతో పరుగెత్తుకొచ్చినవాడు, నిద్రపోతున్న వైరస్‌లను లేపగల మాత్ర కొనుక్కుని సంతోషంగా వెళ్తున్నాడన్నమాట! పైగా యాంటీబయాటిక్ వాడాక క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే బాక్టీరియా విజృంభించి విరేచనాలు ఇంకా ముదరవచ్చు. పెద్దపేగు వాపు ఉన్నవాళ్లకు అది మరీ ప్రమాదం.

ఫేజ్‌లనే మందుగా వాడే ప్రయత్నమూ ఉంది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు పేగువాపును పెంచే క్లెబ్సియెల్లా బాక్టీరియా మీదికి ఐదు ఫేజ్‌ల మిశ్రమాన్ని వదిలారు. 2022లో ఆ ఫలితాలు వచ్చాయి. ఎలుకల్లో వాపు తగ్గింది, ఆరోగ్యవంతులైన మనుషులకు ఇస్తే హాని కనబడలేదు. నా అల్మరాలో దొరికే మందు కాదది, ఏ ఫోన్ మెసేజీలో ఎంత ధర రాసినా.

ఇవాళ మన డాక్టర్లు పేగువాపు రోగిలో నిజంగా వెతికే వైరస్ ఒకటుంది. అది సైటోమెగలో వైరస్. చాలామంది పెద్దవాళ్ల ఒంట్లో చప్పుడు చేయకుండా పడి ఉంటుంది. స్టెరాయిడ్ల వంటి మందులతో ఒంటి కాపలా సడలినప్పుడు లేస్తుంది. జబ్బు బాగా ముదిరి, స్టెరాయిడ్ ఇచ్చినా నెత్తురు ఆగకపోతే, పేగులోంచి చిన్న ముక్క తీసి ఈ వైరస్ కోసం పరీక్షకు పంపుతారు. ఉందని తేలితే దానికి గాన్‌సైక్లోవిర్ అనే మందు ఉంది. పాత చీటీ చూపించి "అదే స్టెరాయిడ్ ఇంకో పది రోజులకు ఇవ్వండి" అనేవాళ్లను నేను వెనక్కి పంపేది ఇందుకే. వాళ్లకు కావలసింది ఇంకో పది రోజుల మాత్రలు కాదు, ఆ పరీక్ష.

కాబట్టి సంపాదకుల వారూ, ఎలుకల్లో కనిపించిన సంగతి అయితే 'ఎలుకల్లో' అన్న మాట శీర్షికలోనే వేయండి. లోపల ఏడో పేరాలో వేస్తే మా ఊరి దాకా రాదు. వీలైతే మరో ఆదివారం, విరేచనంలో నెత్తురు పడితే అన్నీ మొలలు కావని, నెలల తరబడి పడితే మలపరీక్ష, గొట్టంతో పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీ చేయించాలని రాయండి. ఒకే రకం పుండ్లు పేగు క్షయలోనూ క్రాన్స్‌లోనూ కనిపిస్తాయి గనుక బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి చూసే పరీక్ష, ఎందుకు అవసరమో కూడా చెప్పండి. బరంపురం మెడికల్ కాలేజీకో విశాఖ కేజీహెచ్ ఆసుపత్రికో వెళ్లమని ఆ ముసలమ్మకు కాగితం మీద రాసిచ్చాను. కోడల్ని ఇంకా తీసుకెళ్లలేదు. కొడుకు సూరత్ నుంచి వచ్చాక చూస్తామంటోంది.

ఇట్లు,
ఒక మందుల షాపు యజమాని,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా