కాలువగట్టు పార్కు జమా ఖర్చులు (జూన్ నుంచి మే వరకు)

చందాలిచ్చిన ఇళ్లవారందరికీ,

జమ: పాత నిల్వ రూ.4,300. ఇంటికి 300 చొప్పున 112 ఇళ్లు, 33,600. చవితి పందిరి ఖర్చులు పోను మిగిలింది 6,100. మడుల్లో కాసిన తోటకూర, గోంగూర, బెండకాయలు అమ్మగా 2,150. వెరసి 46,150.

ఖర్చులో ముందు అందరూ అడిగే పద్దు. 60 మొక్కలనుకుని 74 ఎందుకు కొన్నారు? కడియం నర్సరీలో నాలుగడుగుల వేప, గానుగ, పొగడ, ఒక్కోటి 120 చొప్పున 8,880. రెండు విడతల ఆటో కిరాయి 2,500. మొదట తెచ్చిన 60లో 14 చచ్చాయి. తప్పు నర్సరీది కాదు, మాదే. రెండడుగుల గుంత తీసి నేలమట్టానికి పూడ్చేశాం. మనది జిగట నల్లమట్టి. వానకి గుంత కుండలా నిండి నీరు ఇంకలేదు. ఆకు పసుపు రంగుకి తిరిగితే దాహమనుకుని ఇంకో బకెట్ పోసినవాళ్లూ ఉన్నారు. పీకి చూస్తే వేరు తొక్క చేతికే ఊడొచ్చింది, మురుగు కంపు.

వానలు తెరిపిచ్చాక బుసక (ఇసక మట్టి) నాలుగు ట్రాక్టర్లు తోలించాం, 4,400. గుంతమట్టిలో సగానికి సగం కలిపి, మొదలు నేలకి జానెడు ఎత్తున ఉండేలా దిబ్బ కట్టి, బతికిన 46నీ మట్టిగడ్డతో లేపి మళ్లీ నాటాం. పల్లపు మూల నుంచి మురుగు బోదెలోకి నాలుగంగుళాల పైపులు నాలుగు, 3,000. ఆ తర్వాత ఒక్కటీ పోలేదు. గుంతల కూలి 3,600. దిబ్బలు మాత్రం శ్రమదానమే.

పశువుల ఎరువు ట్రాక్టరు 2,500. మాగినదే తీసుకున్నాం, పచ్చిదైతే వేడికి వేళ్లు మాడతాయి, చెద కూడా చేరుతుంది. వేపపిండి మొక్కకి అరకిలో, 900.

వెదురు దడులు 60కి 10,800. ఇనుపవి పెట్టొచ్చు కదా అంటున్నారు. అవి పాత ఇనుము కొట్టుకి నడిచిపోతాయి! వెదురు రెండు వానాకాలాలు ఆగితే చాలు, ఈలోగా చిగురు మేకకి అందనంత ఎత్తుకెళ్తుంది.

కాలువలకి నీళ్లు ఆపేశాక ట్యాంకర్లు ఆరు, 4,200. పార్కు చేతిపంపు నీరు ఉప్పు. ఆకు అంచులు మాడుతున్నాయి, దయచేసి అది పోయకండి. కొబ్బరి డొక్కలు ఊరికే ఇచ్చారు, తోలిన కూలి 500. వాటిని మొదలుకి నాలుగు వేళ్లు ఎడంగా బోర్లించే పరవాలి. వెల్లకిలా పడుంటే నీరు నిలిచి దోమలు.

వెరసి ఖర్చు 41,280. నిల్వ 4,870, కోశాధికారి దగ్గరుంది. రసీదులు ఆదివారం ఉదయం పార్కు గదిలో చూడొచ్చు. రెండో విడత ఆటో 700కి రసీదు లేదు, డ్రైవరు సంతకం ఒక్కటే ఉంది.