కియారాకు సంస్కృతం అంటగట్టకండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో పిల్లల పేర్ల శీర్షిక కింద ‘కియారా: సంస్కృత పదం, కాంతి కిరణం’ అని వేశారు. అది తప్పు. అదే తప్పును నేనూ అచ్చేసి ఊరంతా పంచాను కాబట్టి ముందు నా సంగతి చెప్పుకుని, ఆ తర్వాత మీ దగ్గరికి వస్తాను.

కావలిలో మాకు చిన్న ప్రింటింగ్ ప్రెస్సు ఉంది. మా నాన్న సీసపు అక్షరాలు ఏరి ట్రెడిల్ మీద తొక్కిన రోజుల నుంచి, నేను కంప్యూటర్ ముందు కూర్చుని ఫ్లెక్సీలు కొట్టే ఈ రోజుల దాకా పెళ్లి కార్డులు, నామకరణం కార్డులే మాకు కూడు పెట్టాయి. ఏ పేరు ఎప్పుడు ఊళ్లోకి దిగిందో మాకు తెలిసినంత బాగా పురోహితులకు కూడా తెలియదేమో. కియారా అన్న పేరు నేను మొదటిసారి కంపోజ్ చేసింది 2019 వేసవిలో. పొరపాటు పడ్డానేమోనని పార్టీకి ఫోన్ చేసి మరీ స్పెల్లింగ్ అడిగాను. ఇప్పుడు ఎవర్నీ అడగక్కర్లేదు, వేళ్లే కొట్టేస్తాయి.

ఎందుకు వచ్చిందో చెప్పడం కష్టమేం కాదు. 2018లో మహేశ్ బాబు పక్కన తెలుగు తెరకు పరిచయమైన కియారా అద్వానీ ఒక కారణం. ఆమె పుట్టు పేరు ఆలియా. అప్పటికే ఆ పేరుతో మరో నటి ఉండడంతో, 2010లో వచ్చిన ఒక హిందీ సినిమాలో ప్రియాంక చోప్రా వేసిన పాత్ర పేరు నచ్చి దాన్ని పెట్టుకున్నానని ఆమే చెప్పారు. అంటే మనకు అందేసరికే ఆ పేరు రెండు తెరలు దాటి వచ్చింది. రెండో కారణం మన పంచాంగమే. మృగశిర నాలుగో పాదానికి నామాక్షరం ‘కి’. ఆ అక్షరంతో ఆడపిల్లకు ఏం పెట్టాలి? కిరణ్మయి అంటే మేనత్త పేరులా ఉందంటారు. కిన్నెర అంటే ఇంట్లో ఎవరో ఒకరు మొహం చిట్లిస్తారు. ఇక ఫోన్లో వెతుకుతారు, కియారా దొరుకుతుంది. (ఆరుద్ర మూడో పాదానికైతే ‘ఙ’ వస్తుంది. మా నాన్న అక్షరాల కేసులో ఆ ఒక్క గడిలో అక్షరాలు అరిగేవి కావు. దానితో పేరు పెట్టినవాళ్లను ఇంతవరకు చూళ్లేదు.)

మా మనవరాలిదీ మృగశిర నాలుగో పాదమే. కూతురు, అల్లుడు కియారా అన్నారు. సరే అన్నాను. కార్డు నేనే వేశాను, మల్టీకలర్‌లో. పేరు కింద చిన్న అక్షరాల్లో ‘సంస్కృతంలో కాంతి కిరణం అని అర్థం’ అని కూడా వేశాను. ఎక్కడ చూశానంటే, ఇలాంటి పేర్ల శీర్షికలోనే. అచ్చులో ఉంది కదా, తప్పెందుకవుతుంది అనుకున్నాను. అచ్చు పనిలోనే ముసలివాణ్ణవుతున్న నాకు ఆ మాట అనుకోవడానికి సిగ్గుండాలి.

ఉయ్యాల్లో వేసిన రోజున మా అమ్మ పాపను చూసి, ‘ఏం పేరబ్బయ్యా, కీరానా? దోసకాయ పేరు పెట్టారేంది బిడ్డకి?’ అంది. అందరూ నవ్వారు. కియారా అని మూడుసార్లు చెప్పించినా ఆమె నోట కీరాయే.

ఆ తర్వాత వారానికి ఒక పాత ఖాతాదారు వచ్చాడు. వాళ్లది కతోలిక కుటుంబం, నాకంటే చిన్నవాడు. టేబుల్ మీద మిగిలిన కార్డు చూసి, ‘మా నాయనమ్మ పేరే పెట్టుకున్నావన్నా’ అన్నాడు. వాళ్ల నాయనమ్మ క్లారమ్మ. నాకు అర్థం కాలేదు. లాటిన్‌లో క్లారా అంటే ప్రకాశవంతమైనది, తేటైనది. అదే ఇటలీలో క్యారా అవుతుంది. వాళ్లు రాసే అక్షరాలు చూస్తే మనం ‘చియారా’ అని చదువుతాం గానీ, ఇటాలియన్‌లో ఆ ‘చ’ను ‘క’గా పలుకుతారు. ఆ పలుకుబడి పట్టుకుని బయటివాళ్లు రాసుకున్నదే కియారా. ఇవన్నీ అతను కూర్చుని చెప్పి, టీ తాగి వెళ్లాడు. నేను ఆ రోజు పని చేయలేదు.

ఆ పేరుగల పునీతురాలి కథ విన్నాక ‘కాంతి కిరణం’ వెలవెలబోయింది. ఇటలీలోని అసిసి పట్టణంలో 1194లో కలిగిన ఇంట పుట్టిన క్లారా పద్దెనిమిదేళ్లకు ఇల్లు విడిచి, ఆ ఊరివాడే అయిన పునీత ఫ్రాన్సిస్ బాటలో పేదరికాన్ని కోరి తెచ్చుకుంది. తన మఠంలోని ఆడవాళ్ల కోసం నియమావళి తానే రాసింది. దానికి పోపు ఆమోదం 1253లో, ఆమె కన్నుమూయడానికి రెండు రోజుల ముందు వచ్చింది. నన్ను నవ్వించిన సంగతి ఇంకొకటి ఉంది: 1958లో పోపు ఆమెను టెలివిజన్‌కు రక్షక పునీతురాలిగా ప్రకటించారు. తెర మీద నుంచి మన ఉయ్యాలల్లోకి దిగిన పేరుకు అంతకంటే తగిన చుట్టరికం ఏముంటుంది?

ఐర్లండ్‌లో ఇదే మాదిరి పేరు ఇంకొకటి ఉంది. దాని పుట్టుక వేరు. వాళ్ల భాషలో కియర్ అంటే నలుపు. కియరాన్ అనే పునీతుల పేరుకు ఆడరూపం అది. ఒకచోట వెలుగు, ఒకచోట నలుపు. నలుపంటే ఎవరూ ఉలిక్కిపడనక్కర్లేదు, శ్యామల, నీల, కృష్ణవేణి మన పేర్లు కావా? ఇంతకూ ఆ ఐర్లండ్ పేరును అక్కడివాళ్లు పలికేది ‘కీరా’ అనే. మా అమ్మకు ఈ ముక్క చెప్పాను. ‘చూశావా మరి’ అంది.

మన దేశంలోనే కియారాకు మూలం దొరకాల్సిందే అని పట్టుబడితే, హిందీలో కియారీ అనే మాట ఉంది. తోటలో వేసే మడి. సంస్కృతంలోని కేదారం నుంచి వచ్చింది, అంటే మన వరిమడి. నెల్లు, అంటే వడ్ల పేరు పెట్టుకున్న జిల్లాలో ఆడపిల్లకు మడి పేరు ముద్దుగానే ఉంటుంది గానీ, అది కాకతాళీయం. ఇక సంస్కృతంలో కిరణానికి కిరణమనే అంటారు, వెదజల్లడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. కియారా అందులో ఎక్కడా లేదు.

దీన్నిబట్టి పాత పేర్లు పెట్టమని నేను పోరు పెడుతున్నానని అనుకోవద్దు. మా చిన్నప్పుడు పేరు వింటే ఏ దేవుడికి మొక్కుకుంటే పుట్టారో తెలిసిపోయేది. పెంచలకోన స్వామికి మొక్కితే పెంచలమ్మ, జొన్నవాడ అమ్మవారికైతే కామాక్షమ్మ, సూళ్లూరుపేట వైపు చెంగమ్మ, నర్రవాడ వైపు వెంగమ్మ, మా కావలిలో కలుగోళమ్మ. కసుమూరు దర్గాకు మొక్కుకుని హిందువులు కూడా మస్తానయ్య, మస్తానమ్మ అని పెట్టుకున్నారు. మస్తాన్ పారశీకం నుంచి వచ్చిన మాట. దానికి ఎవరూ సంస్కృత అర్థం వెతకలేదు. మా అమ్మ పేరు పెంచలమ్మ. ఆ పేరు పెనుశిల నుంచి వచ్చిందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. నిజం చెప్పాలంటే ఆ పేరు మీద ఆమెకు పెద్ద ప్రేమ కూడా లేదు. పరాయి పేరు పెట్టుకోవడంలో తప్పు లేదు. దానికి దొంగ గోత్రం చెప్పడంలోనే ఉంది. పైగా మన క్రైస్తవ వాడల్లో తరాలుగా ఉన్న క్లారమ్మ పాతపేరూ, సినిమాలో వస్తే కియారా ఫ్యాషనూనా? ఈ ప్రశ్న నాకు ఎవరూ వేయలేదు, ఆ ఖాతాదారు కూడా. నాకే తట్టింది, గుచ్చుకుంది.

పేర్ల శీర్షికలో అర్థాల బదులు పనికొచ్చే మాట ఒకటి వేయవచ్చు. ఆస్పత్రిలోనే హడావుడిగా ఏదో ఒక స్పెల్లింగ్ రాయించేస్తున్నారు. తర్వాత న్యూమరాలజీ అంటూ ఒక వై చేర్చి, ఇంకో ఎ తగిలించి ఆధార్‌లో మరోలా పెడుతున్నారు. మా ఇంట్లో జరిగిందీ అదే. ఆ ఒక్క అక్షరం కోసం మా అల్లుడు ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగాడో నేను లెక్కపెట్టడం మానేశాను. జననం 21 రోజుల్లో నమోదు చేయించాలి, నిజమే. కానీ పేరు అప్పుడే రాయించాలని లేదు. పేరు లేకుండా నమోదు చేయించి, 12 నెలల్లోపు ఉచితంగా చేర్చుకోవచ్చు. ఆ తర్వాత కూడా 15 ఏళ్ల వరకు అపరాధ రుసుంతో చేర్చుకోవచ్చు. సవరించిన జనన మరణాల నమోదు చట్టం 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ రోజు నుంచి పుట్టినవాళ్లకు బడిలో చేరడం మొదలు డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు జాబితా, పెళ్లి రిజిస్ట్రేషన్ దాకా పుట్టిన తేదీకి ఆ సర్టిఫికెట్టే ఆధారం. కాబట్టి అక్షరాలు ఇంట్లో కూర్చుని తేల్చుకున్నాకే వెళ్లండని తల్లిదండ్రులకు చెప్పండి.

ఇక మీ సవరణ సంగతి. వేస్తే అదే ఆదివారం అనుబంధంలో, అదే శీర్షిక కింద, అదే సైజు అక్షరాల్లో వేయండి. ఎడిషన్ పేజీ అడుగున ఎనిమిది పాయింట్ల చిన్న అక్షరాల్లో సర్దితే ఎవరూ చూడరు. నేను చాలా తప్పుల్ని అలాగే సర్దినవాణ్ణి.

ఇట్లు,
ఒక ప్రింటింగ్ ప్రెస్సు యజమాని,
కావలి, నెల్లూరు జిల్లా