పడిపోవడానికీ ఒక తేదీ ఉంటుంది

వినుకొండ,
కార్తీక సోమవారం, రాత్రి.

చిన్నా,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ క్షేమమని తలుస్తాను అని రాయడం మన ఉత్తరాల ఆనవాయితీ. నిన్న ఫోనులో నీ గొంతు విన్నాక ఆ వాక్యం రాయడానికి చెయ్యి రాలేదు. వార్డెన్ గది బయట వరుసలో నీ వెనక ఇంకో పదిమంది నిలబడి ఉంటే, ఆ నాలుగు నిమిషాల్లో ఎవరైనా ఏం చెప్పుకోగలరు? "బాగానే ఉన్నాను నాన్నా" అన్నావు. "తిన్నావా" అంది మీ అమ్మ. అంతలోనే టైము అయిపోయింది. ఉత్తరమైతే వరుసలో నిలబడకుండా చదువుకోవచ్చు. అందుకే రాస్తున్నాను.

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. దసరాకు వచ్చి నువ్వు వదిలేసి వెళ్ళిన పాత సంచీని మొన్న మీ అమ్మ ఉతకడానికి తీసింది. అడుగున, నాలుగు మడతలు పెట్టిన జేఈఈ వారాంతపు పరీక్ష ప్రశ్నపత్రం దొరికింది. పై మూలలో నీ చేతిరాతతో 71 అని ఉంది. దాని మీద పెన్నుతో ఎన్నిసార్లు గీశావో, అక్కడ కాగితం చిరిగిపోయింది. నీ సంచీలోది నిన్ను అడగకుండా చూడటం తప్పే. అయినా చూశాను.

ఆ అంకె నాకు కొత్త కాదు. కాలేజీ నుంచి ప్రతి వారం మెసేజి వస్తూనే ఉంది. మార్కులు, ర్యాంకు, పక్కన సెక్షను సగటు. దసరా సెలవుల్లో నువ్వు ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ నేను నిన్ను అడిగింది ఆ ర్యాంకు గురించే. ఒక్క లెక్క చూపించమని అడగలేదు. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇరవై రెండేళ్ళుగా లెక్కలు చెబుతున్నవాడిని. పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్తే రోజుకు నలభై పేపర్లు దిద్దుతాను. ఊరూ పేరూ తెలియని పిల్లవాడు ఏ మెట్టు దగ్గర జారాడో వెతికి, అక్కడిదాకా మార్కులు వేస్తాను. సొంత కొడుకు దగ్గరికి వచ్చేసరికి చివరి అంకె చూసి మొహం ముడుచుకున్నాను.

అందుకని నిన్న రాత్రి భోజనాలయ్యాక ఎర్ర పెన్ను తీసుకుని నీ పేపరు దిద్దాను. 'కీ' నువ్వే పక్కన టిక్కులు పెట్టుకున్నావు కాబట్టి పని సులువైంది.

75 ప్రశ్నల్లో నువ్వు 34 ముట్టుకున్నావు. 21 ఒప్పు, 13 తప్పు. ఒప్పుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. ఎనభై నాలుగులోంచి పదమూడు తీసేస్తే డెబ్బై ఒకటి. తక్కిన 41 నువ్వు ముట్టుకోలేదు. ముందు ఆ పదమూడు తప్పుల సంగతి చూద్దాం. ఆరింటికి అంచుల్లో ఎక్కడా చిత్తు లెక్క లేదు. అవి దేవుడి మీద భారం వేసి గుండ్రం నింపినవి. ఐదింటిలో నీ దారి సరైనదే, చివర్లో జారావు. ఒకచోట ఎక్స్ వర్గానికి వర్గమూలం ఎక్స్ అని రాసేశావు. ఎక్స్ సున్నా కంటే తక్కువని ప్రశ్నలోనే ఇచ్చారు కదా, మరి జవాబు మైనస్ ఎక్స్ కావద్దా? మా స్పాట్‌లో అయితే ఆ లెక్కకు నాలుగింట మూడు మార్కులు కళ్ళకు అద్దుకుని వేసేవాడిని. ఓఎంఆర్ యంత్రానికి మెట్లు కనిపించవు. దానికి తెలిసిందల్లా ఏ గుండ్రం నిండిందన్నదే. నాలుగు ఇవ్వకపోగా ఒకటి కోసుకుంటుంది.

అంటే పదమూడింటిలో నీకు నిజంగా తెలియక పోయినవి రెండే. ఆ ఐదూ జారకుండా ఉండి, ఆ ఆరూ వదిలేసి ఉంటే 102 వచ్చేవి. కొత్తగా ఒక్క పాఠం కూడా చదవకుండా!

ఇక ఖాళీగా వదిలిన 41. అసలు కథ అక్కడ ఉంది. ఇది తెల్లవారుజామున రెండింటికి తట్టింది. లేచి ఫోనులో మెసేజీలన్నీ వెనక్కి జరుపుకుంటూ వెళ్ళాను. జూన్‌లో 158, 151. జూలైలో 149, 156. ఆగస్టులో రెండు వారాలు 'గైర్హాజరు'. ఆ తర్వాత 103, 92, 84, 71. గోడ మీది క్యాలెండరులో మీ అమ్మ పాల లెక్కల మధ్య ఆగస్టు రెండో వారం దగ్గర 'చిన్నాకు జ్వరం' అని రాసుకుంది. తొమ్మిది రోజులు ఇంట్లో ఉన్నావు, గుర్తుందా? జావ తాగనని గొడవ పెట్టావు.

నీ మార్కులు కొద్దికొద్దిగా జారలేదు చిన్నా. ఒక వారంలో పడ్డాయి, ఆ గుంటలోంచి లేవలేదు. నువ్వు లేని ఆ రోజుల్లోనే లెక్కల్లో సదిశల అదిశా లబ్ధం (మీ డాట్ ప్రొడక్ట్), ఫిజిక్స్‌లో పని, శక్తి చెప్పేశారు. అదిశా లబ్ధం రాకపోతే పని ఎలా కట్టాలో తెలియదు. పని, శక్తి తెలియకపోతే భ్రమణ చలనంలో సగం లెక్కలు కదలవు. నువ్వు వదిలేసిన 41లో 19 ఈ కుటుంబానివే. ఒక్కొక్కటీ గీత గీసి లెక్కపెట్టాను.

దసరాకు వచ్చినప్పుడు వంటింట్లో అమ్మతో "నాకు అంత బుర్ర లేదేమో అమ్మా, అక్కడ అందరూ నాకంటే తెలివైనవాళ్ళు" అన్నావట. బుర్ర ఆగస్టు రెండో వారంలో తగ్గిపోయే వస్తువు కాదు. తగ్గింది తొమ్మిది రోజుల పాఠం.

దీనికి నేను కూడా బాధ్యుణ్ణే. జ్వరం తగ్గగానే "క్లాసులు పోతున్నాయి" అని నిన్ను బస్సెక్కించాను. పోయిన క్లాసుల్ని ఎవరు చెబుతారని అడగలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. నీ చిన్నప్పటి నుంచి వచ్చినవాళ్ళందరితో "మావాడికి ఒకసారి చెబితే చాలు, రెండోసారి అక్కర్లేదు" అని గొప్పలు పోయాను. పదిలో 574 వచ్చినప్పుడు స్టాఫ్‌రూములో స్వీట్లు పంచుతూ కూడా అదే మాట. ఆ మాట మోస్తున్నవాడు ఎనభైమంది మధ్య లేచి నిలబడి "సార్, నాకు అర్థం కాలేదు" అని ఎలా అంటాడు? తెలియకపోవడం నీకు అలవాటు లేదు. అలవాటు కానివ్వలేదు నేను.

ఇక్కడ నీకు ఇంతవరకు చెప్పని ఒక సంగతి చెప్పాలి. నేను డిగ్రీ మొదటి సంవత్సరం ఫిజిక్స్ తప్పాను. ఇంటర్ దాకా తెలుగు మీడియం, నరసరావుపేటలో డిగ్రీ ఇంగ్లీషు మీడియం. క్లాసులో ఏం చెబుతున్నారో సగం అర్థమయ్యేది కాదు, అడగడానికి నామోషీ. 31 వచ్చింది, పాసుకు 35. రెండు నెలలు ఇంట్లో చెప్పలేదు. తాతయ్య గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీ బస్తాలు వేసుకుని వెళ్ళినప్పుడు, మా క్లాసు కుర్రాడి నాన్న అక్కడ కలిసి చెప్పాడట. ఆ రాత్రి తాతయ్య తుమ్ముకుంటూ వచ్చి బావి దగ్గర కాళ్ళు కడుక్కున్నాడు. నేను గోడకు అతుక్కుపోయి నిలబడ్డాను. తువ్వాలుతో మొహం తుడుచుకుని, "మళ్ళీ కట్టడానికి ఎంతవుతుంది?" అని అడిగాడు. "అరవై" అన్నాను. నడుముకు కట్టుకున్న సంచీలోంచి తీసి ఇచ్చి అన్నానికి కూర్చున్నాడు. ఆ ఏడాది మిర్చి ధర కూడా ఏమంత బాగా లేదు. మళ్ళీ రాస్తే 47 వచ్చింది. చెప్పుకోదగ్గ మార్కేమీ కాదు. రామానుజన్ కూడా ఎఫ్‌ఏ (ఆ రోజుల ఇంటర్) తప్పాడని అందరూ చెప్పే మాట ఇక్కడ చెప్పను. అది వార్షికోత్సవ ఉపన్యాసాలకు బాగుంటుంది. తప్పినవాళ్ళందరూ రామానుజన్‌లు కాలేదు. చాలామంది నాలాగా లెక్కల మాస్టర్లు అయ్యారు.

ఇప్పుడు నీ చదువు విషయం. నీ నోట్సు దసరాకు చూశాను. మూడు రంగుల పెన్నులు, స్కేలు పెట్టి గీసిన గీతలు. జ్వరంలో పోయిన పాఠాలు కూడా స్నేహితుడి పుస్తకంలోంచి ముత్యాల్లా ఎక్కించుకున్నావు. రాసుకున్నావు కానీ చెయ్యలేదు. మాకు శిక్షణ తరగతుల్లో ఒక ప్రయోగం గురించి చెప్పారు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికాలో చేశారు. విద్యార్థులకు ఒక వ్యాసం ఇచ్చి, కొందరిని మళ్ళీ మళ్ళీ చదవమన్నారు. మరికొందరిని ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళే ముందున్నారు. వారం తర్వాత పెడితే తారుమారైంది. మూసి రాసినవాళ్ళకే ఎక్కువ గుర్తుంది. నాకు ఆశ్చర్యమనిపించింది ఆ మొదటి ఐదు నిమిషాల సంగతే. చదువుతున్నప్పుడు వచ్చేసినట్టే ఉంటుంది. పిల్లలు అక్కడే మోసపోతారు, మేమూ మోసపోతాం. బోర్డు మీద నేను లెక్క చేస్తుంటే క్లాసంతా తలలూపుతుంది. సుద్దముక్క చేతికిస్తే తెలుస్తుంది ఎవరికి వచ్చిందో.

కాబట్టి కొన్నాళ్ళు ఆ రంగు పెన్నులు పెట్టెలో పెట్టెయ్యి. స్టడీ అవర్‌లో అరగంట ఆ తొమ్మిది రోజులకు కేటాయించు. ముందు అదిశా లబ్ధం, తర్వాత పని, శక్తి. చేసిన లెక్క మూసి, తెల్ల కాగితం మీద మళ్ళీ చెయ్యి. ఆగిపోయిన చోట గుర్తు పెట్టుకుని, స్టడీ అవర్‌కు వచ్చే సారు దగ్గరికి ఆ కాగితం పట్టుకుని వెళ్ళు. "ఈ పాఠం అర్థం కాలేదు" అనడం కంటే "ఈ మెట్టు ఎలా వచ్చింది సార్" అనడం తేలిక. ఇది మాస్టరుగా చెబుతున్నాను. రెండో రకం ప్రశ్న అడిగే పిల్లవాడంటే మాకు ఇష్టం, విసుగు రాదు. ఇది పూర్తయ్యేదాకా వారం పరీక్షల్లో మార్కులు పెరగకపోవచ్చు. ఇంకొంచెం తగ్గినా తగ్గవచ్చు. మెసేజి నాకు వస్తుంది కదా, నేను చూసుకుంటాను.

రాత్రి ఒంటిగంట దాకా మెట్ల దగ్గర లైటు కింద చదువుతున్నావని తెలిసింది. మానెయ్యి. పగలు నేర్చుకున్నది స్థిరపడేది నిద్రలోనే. నువ్వు చేస్తున్నది గట్టిపడని సిమెంటు మీద నడవడం లాంటిది. చదవబుద్ధి కావడం లేదని చెల్లితో అన్నావట. దానికి నా దగ్గర మందు లేదు చిన్నా. నాకూ బడికి వెళ్ళబుద్ధి కాని రోజులు ఉంటాయి. ఒక చిన్న లెక్క చెప్పి, వెనక బెంచీలో ఒకడి మొహం వెలిగితే, ఆ పూట గడిచిపోతుంది. నువ్వు కూడా కూర్చోగానే కొండంత లెక్క పట్టుకోకు. ఖాయంగా వచ్చేది ఒకటి చేసి మొదలుపెట్టు.

జేఈఈ ఒక్కటే దారి అని నీకు అక్కడ రోజూ మైకులో చెబుతారు. మన రాష్ట్ర ఇంజనీరింగు ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ కూడా ఉంది. అందులో 160 ప్రశ్నలు, సగం లెక్కలే, తప్పుకు కోత లేదు. ఏది రాయాలో వేసవిలో కూర్చుని మాట్లాడుకుందాం. ఫీజు గురించి నువ్వు ఆలోచించకు. అది కట్టేశాం, దాని గొడవ నాది. ఉండలేకపోతే ఇంటికి వచ్చెయ్యి. మన ఊళ్ళో జూనియర్ కాలేజీ ఉంది, సైకిలు మీద వెళ్ళవచ్చు. నేను కోపంలో అంటున్నది కాదు, అమ్మా నేనూ మాట్లాడుకునే రాస్తున్నాను.

ఇంకో మాట రాయడానికి ఇందాకటి నుంచి వెనకాడుతున్నాను. పేపర్లో ఏదో ఒక హాస్టలు వార్త వచ్చినప్పుడల్లా మీ అమ్మ ఆ పేజీ దాచేస్తుంది. నేను బడిలో చదువుతాను. నీకు ఎప్పుడైనా మనసు మరీ చీకటిగా అనిపిస్తే, ఆదివారం దాకా ఆగకు. ఈ ఉదయం వార్డెన్‌తో మాట్లాడాను. ఏ వేళ అడిగినా ఫోను ఇస్తానన్నారు. మాతో చెప్పలేని మాటైతే 14416కు చెయ్యి. అది టెలి మానస్ అని ప్రభుత్వం 2022లో పెట్టింది, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ అవసరం రాకపోవచ్చు. నెంబరు మాత్రం నీ దగ్గర ఉండాలి.

ఈ రోజు కోటప్పకొండకు వెళ్ళివచ్చాం. అమ్మ ఉపవాసంతోనే కారప్పూస, సున్నుండలు చేసింది. డబ్బా ఆర్టీసీ కార్గోలో వేస్తున్నాను. ఈ ఉత్తరం మూత కింద ఉంటుంది. రూములో వాళ్ళకు కూడా పెట్టు. కొండ మీద కాకులు వాలవంటారు కదా, చెల్లి మధ్యాహ్నమంతా తల పైకెత్తి వెతికి, చివరికి మెడ నొప్పి తెచ్చుకుంది.

ఉత్తరంతో పాటు ఇంకో కాగితం పెట్టాను, చూడు. నీ పేపరులోని లెక్కల భాగం నేను కూడా రాశాను. 25 ప్రశ్నలు, గంట టైము, గడియారం ఎదురుగా పెట్టుకుని. తొమ్మిది ఒప్పు, ఆరు తప్పు. వందకు 30. మీ అమ్మ నవ్వు ఇంకా ఆగలేదు. ఆ ఆరింటిలో ఐదు ఎక్కడ పోయాయో పట్టుకున్నాను. పన్నెండో లెక్క మాత్రం ఎన్నిసార్లు చూసినా దొరకడం లేదు. నా లెక్క ప్రకారం రెండో ఆప్షను, 'కీ'లో నాలుగోది. అది నీకు వచ్చిన 21లో ఒకటి. నాలుగో మెట్టు దగ్గర ఏదో జరిగిందని అనుమానం. చూసి, ఆదివారం ఫోనులో చెప్పు.

నాన్న