కలివి కోడిని ఎన్ని గంటలకు చూశారు?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో లంకమల అడవి దగ్గర కలివి కోడి అనే చాలా అరుదైన పిట్ట మళ్ళీ కనిపించిందని ఫోటోతో సహా వేశారు. ఆ ఫోటో మీకంటే రెండు రోజుల ముందే నా దగ్గరికి వచ్చింది. బద్వేలులో ఇరవై ఎనిమిదేళ్లుగా ఫోటో స్టూడియో నడుపుతున్నాను.

శుక్రవారం సాయంత్రం ఒక అబ్బాయి ఫోన్ పట్టుకొచ్చి, "అన్నా, పెద్ద సైజులో ప్రింట్ కొట్టి ఫ్రేము గట్టియ్యి. కలివి కోడి దొరికింది" అన్నాడు. కంప్యూటర్‌లోకి ఎక్కించి చూశాను. ముందు నా కన్ను పిట్ట మీద పడలేదు, దాని నీడ మీద పడింది. మా వృత్తే అంత. నీడ కాళ్ల కిందే ముద్దగా ఉంది. అంటే మిట్టమధ్యాహ్నం తీసిన ఫోటో. కలివి కోడి పగలంతా పొదల్లో దాక్కుని చీకటి పడ్డాకే బయటికొచ్చే పిట్ట. జూమ్ చేస్తే కంటి ముందు నుంచి ముక్కు పక్కకు పసుపుపచ్చ తోలు వేలాడుతూ కనిపించింది. "ఇది తీతువు నాయనా" అన్నాను. "అదేందన్నా, గ్రూపులో అందరూ కలివి కోడే అంటాండారు" అన్నాడు. ప్రింట్ తీసుకునే పోయాడు. నేనూ డబ్బులు తీసుకున్నాను, అబద్ధమెందుకు.

కలివి కోడిని పోల్చుకోవడం మరీ బ్రహ్మవిద్యేమీ కాదు. ఎద మీద అడ్డంగా రెండు గోధుమరంగు పట్టీలు, వాటి మధ్య తెలుపు. గొంతు దగ్గర ఇటుకరంగు మచ్చ. కంటి పైన వెడల్పాటి తెల్ల గీత. రాత్రి తిరిగే పిట్ట కాబట్టి కళ్లు పెద్దవి. మీరు వేసిన ఫోటోలో వీటిలో ఒక్కటైనా ఉందేమో మీరే చూడండి.

ఆ అబ్బాయిని తప్పుపట్టను. నేనూ ఒకప్పుడు చూశాననుకున్నవాడినే. 2003లో పెళ్లి ఫోటోలు తీసి అర్ధరాత్రి స్కూటర్ మీద వస్తుంటే, సిద్దవటం రోడ్డు మీద హెడ్‌లైట్ వెలుగులో ఒక పిట్ట గబగబా అడ్డం పరిగెత్తింది. ఏడాది పాటు కనపడిన వాళ్లందరికీ చెప్పుకున్నాను. ఆ రోజుల్లో పరిశోధన కోసం వచ్చిన ఒకాయన బ్యాటరీలకు మా షాపుకు వచ్చేవారు. పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, పొద్దున్నే దాని మీద పడిన కాలి గుర్తులు చూసుకునే పని వాళ్లది. నా కథ ఓపిగ్గా విని, "పట్టీలు ఒకటా, రెండా?" అని అడిగారు. నోరు పెగల్లేదు. అసలు ఎద చూస్తే కదా! అంతటితో ఆ కథ చెప్పడం మానేశాను.

ఊరివాళ్ల మాట నమ్మొద్దని నేను అనడం లేదు. 1900 తర్వాత ఎవరికీ కనపడక, అంతరించిందనుకున్న పిట్ట 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర దొరికిందంటే అది ఇక్కడి మనుషుల చలవే. పెద్దపెద్ద పక్షి శాస్త్రవేత్తలకు దొరకనిదాన్ని రాత్రిపూట టార్చిలైటు వేసి చేత్తో పట్టి తెచ్చారు. పాపం అది బతకలేదు, అది వేరే సంగతి. కానీ మాట ఒక్కటే చెప్పి ఊరుకోలేదు, పిట్టను తెచ్చి ముందు పెట్టారు.

2025 ఆగస్టులో కూత రికార్డు చేశామని కొందరు పక్షి పరిశీలకులు చెప్పినప్పుడు నమ్మావు కదా అని మా బావమరిది ఎత్తిపొడిచాడు. నమ్మాను. వాళ్లు చూశామనలేదు, విన్నామన్నారు. విన్నది రికార్డు చేశారు. పాత రికార్డులున్నాయి కాబట్టి ఎవరైనా పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. పైగా ఆ పిట్ట కూసేది పొద్దుగూకిన ముప్పావు గంటకు, అదీ కాసేపే. ఆ వేళకు అక్కడ కాచుకుని ఉన్నవాళ్లకూ, మధ్యాహ్నం గొర్రెల వెంట పోతూ ఫోన్‌లో నొక్కినవాళ్లకూ తేడా ఉంది.

మీ వార్తలో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది ఇంకోటి. ఊరి పేరు, చెరువు పేరు, ఎటు పోవాలో కూడా రాశారు. ఆదివారం రాత్రి ఆరేడు బండ్లు హెడ్‌లైట్లు వేసుకుని మా షాపు ముందు నుంచే అటు పోయాయి. ఒకవేళ అక్కడ నిజంగానే కలివి కోడి ఉంటే దాని గతేం కావాలి? ఈ పిట్ట పేరెత్తితే మా వైపు రైతులకు అసలే మంట. తెలుగుగంగ కాలువ దారినే మార్పించిన పిట్ట ఇది. నాకూ మూడెకరాల నిమ్మతోట ఉంది కాబట్టి వాళ్ల బాధ తెలుసు. తీతువును చూపించి కలివి కోడి అంటే, రేపు నిజంగా కనపడిననాడు "ఇదీ తీతువే పోరా" అంటారు.

మీ విలేకరికి ఒక మాట చెప్పండి. ఎవరైనా చూశామంటే ముందు ఎన్ని గంటలకని అడగమనండి, తర్వాత పట్టీలెన్నని అడగమనండి. ఊరి పేరు మాత్రం రాయొద్దు. ఆ ఫోటో ఒరిజినల్ ఇంకా నా కంప్యూటర్‌లోనే ఉంది. అనుమానముంటే షాపుకు పంపించండి, ఆ పసుపు తోలు జూమ్ చేసి చూపిస్తాను. సవరణ వేసేది మాత్రం అదే పేజీలో, అంతే సైజులో వేయండి.

ఇట్లు,
ఒక ఫోటో స్టూడియో యజమాని,
బద్వేలు