మామా, పోయిన రెక్కలు దొరికినయ్

అరేయ్ మామా,

లేటైంది, తిట్టుకో. ఇంట్ల అందరు మంచిగనే ఉన్నరు, అమ్మ మోకాళ్లు గట్లనే ఉన్నయ్, హన్మకొండల ఓనరు కిరాయి మళ్ల పెంచిండు, గంతే. అసలు ముచ్చట ఇను, ఇది ఫోన్ల చెప్తే మజా రాదు.

మంగపేట దిక్కు గోదారి మీద పడవ నడిపే కాక ఒకాయన ఇంజిన్ వేడెక్కుతాంది సూడుమని పిలిస్తే పోయిన. డీజిల్ ఇంజిన్. మెల్లగ పోతే వేడి మీటర్ ముల్లు 80 డిగ్రీల కాడ నిమ్మళంగ ఉంటాంది, రేస్ ఇచ్చి ఎదురెక్కిచ్చిండంటే 100 దిక్కు ఉరుకుతాంది, రేస్ తగ్గిస్తే మళ్ల దిగుతాంది. ముందుగాల చూసినోడు హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్ కింద గ్యాసు, కూలెంట్, ఆయిల్ ఒకదాంట్ల ఒకటి కలువకుంట ఆపే పట్టీ) పోయింది, హెడ్ దించాలె అన్నడట, కాకకు ఆ ఖర్సు తలుసుకుంటేనే నిద్ర పడ్తలేదు.

నాకైతే నమ్మబుద్ధి కాలే. పొద్దుగాల సల్లగున్నప్పుడు మూత తీసి స్టార్ట్ జేయిస్తే కూలెంట్ల, అదే ఇంజిన్‌ను సల్లబరిచే నీళ్లల్ల, బుడగల్లేవు, డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలచాయ్ లెక్క కాలే. మరి గ్యాస్కెట్ ఎట్ల పోతది రా? మీటరే అబద్ధమాడుతాందేమో అని థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌ను ఇడిసే కవాటం) హౌసింగ్ మీద టెంపరేచర్ గన్ పెట్టిన, అదీ గంతే చూపెట్టింది.

పడవకు రేడియేటర్, ఫ్యాన్ ఉండయ్ గదా, లోపట కూలెంట్ తిరుగుతది, గోదారి నీళ్లను పంపు గుంజి హీట్ ఎక్స్చేంజర్ గొట్టాలల్ల తోలుతది, ఆ వేడి తీస్కొని పొగతోని ఎనుకకు పోతయ్. ఫుల్ రేస్ మీద లోపటికొచ్చే పైపు చూస్తే 28, బయటికి పోయేది 62! ఇగ దొరికింది దొంగ అనుకున్న. గొట్టాలకు సున్నం పట్టి వేడి గుంజకపోతే ఆ నీళ్లు గోరువెచ్చగనే రావాలె, గంత కాలుతున్నయంటే గుంజుడు మంచిగనే ఉంది, నీళ్లే తక్కువైనయ్.

నీళ్లు వడగట్టే స్ట్రైనర్ సాఫ్, గుర్రపుడెక్క పోస గూడ లేదు. పంపు ఇప్పితే ఇంపెల్లర్, అదే నీళ్లు తోలే రబ్బర్ రెక్కల చక్రం, కొత్తది, నిగనిగలాడుతాంది. ఎప్పుడు మార్చినవ్ కాకా అంటే ఎండకాలంల గడ్డి అడ్డంబడి నీళ్లు లేకుంటనే తిరిగింది బిడ్డా, అప్పుడు మార్చిచ్చిన అన్నడు. నీళ్లు లేకుంట రబ్బర్ ఎంతసేపు ఆగుతది! పాతది ఉందా అంటే డబ్బాలకెల్లి తీసిచ్చిండు. ఆరు రెక్కలల్ల మూడు లేవు రా! మార్చినోడు కొత్తది బిగించి పైసల్ పట్టుకపోయిండు గాని ఆ మూడు ఏడికి పోయినయని సూడలే, గిదేం పని జెప్పు.

ఎక్స్చేంజర్ మూత ఇప్పిన. ఉన్నయ్! గొట్టాల మూతుల మీద రెండు అడ్డంగ అతుక్కొని, మూడోది తునకలు తునకలై, వాటి సుట్టు గడ్డిపోసలు. నోస్ ప్లయర్‌తోని ఒక్కొక్కటి గుంజుతాంటె కాక నోరు తెరిసి చూస్తున్నడు. మళ్ల ఎదురెక్కించినం, బయటి పైపు 41 కాడ ఆగింది, ముల్లు 80 దాటలే.

అయినా కాక ఎందుకైనా మంచిది థర్మోస్టాట్ పీకేద్దాం బిడ్డా అన్నడు సూడు, గప్పుడు నాకు నషాళానికెక్కింది, మనోళ్లకు గిదొక రోగం, అది లేకపోతే ఇంజిన్ వేడెక్కక డీజిల్ తాగుతది, అరుగుతది అని అరగంట లొల్లి. ఇగ మజూరి కాడికొస్తే, పైసలొద్దు కాకా అంటే బొచ్చె చాప తెచ్చిండు, గంత పెద్దది బైక్ మీద ఎట్ల... ఆగు, ఎవరో జెసిబి ఆగిపోయిందని పిలుస్తున్నరు, చాప కథ మళ్ల రాస్త.