ట్రాఫిక్ నిషేధ బోర్డుల వెనుక ఉన్న ఉత్తర్వులు చూపండి

నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. ట్రాఫిక్ జరిమానాలు వద్దని అడగడం లేదు. తాగి బండి నడిపేవారికి పడాల్సిందే. నా ఆవేదన వేరు: రోడ్డు మీది నిషేధ బోర్డులు, కెమెరాల ఆధారంగా జరిమానాలు వేస్తున్నారు, వాటి వెనుక ఉన్న ఉత్తర్వులు మాత్రం మాకు కనిపించడం లేదు.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 115వ సెక్షన్ ప్రకారం ఒక రోడ్డులో వాహనాలను నిషేధించాలన్నా, నియంత్రించాలన్నా రాష్ట్ర ప్రభుత్వం లేదా అది అధికారమిచ్చిన సంస్థ గెజిట్‌లో నోటిఫికేషన్ ఇవ్వాలి. ఆపైన తగిన బోర్డులు పెట్టాలి. నెలకు మించని ఆంక్షలకు మాత్రం గెజిట్ అక్కర్లేదు, స్థానికంగా ప్రచారం చేస్తే చాలు. రొట్టెల పండుగకు దర్గా వైపు వాహనాలు మళ్లించడం అలాంటిదే. దాన్ని ఎవరూ తప్పుపట్టరు. ఏళ్ల తరబడి ఉండే నిషేధాల సంగతి అది కాదు. వాటి నోటిఫికేషన్ సామాన్యుడికి ఎక్కడ దొరుకుతుంది?

చలానాల కోసం పెట్టే కెమెరాలకూ నియమం ఉంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 167ఏ నియమం ప్రకారం అలాంటి పరికరానికి ఏటా పునరుద్ధరించే ఆమోద పత్రం ఉండాలి, ముందుగా హెచ్చరిక బోర్డు కనిపించాలి.

రోజు కూలిలో సగం చలానాకు పోయే ఆటో డ్రైవరుకు ఆ కాగితాలు అడిగే హక్కు ఉంది. దయచేసి ఆ నోటిఫికేషన్లనూ, ఆమోద పత్రాలనూ తెలుగులో జిల్లా వెబ్‌సైట్‌లో పెట్టించండి. నోటిఫికేషన్ లేని చోట అది వచ్చేవరకు జరిమానాలు ఆపించండి.

ఇట్లు,
నెల్లూరు పౌరుడు